తర్జుమా తమాషాలు

వనపర్తికి చేరువనున్న యొక పల్లెలో నాకు చిరపరిచితులైన వృద్ధులొకరు కలరు. వారి తమ్ముడు నలువదియేండ్ల క్రిందట కూలిపనికై బొంబాయికి పోయి, అచ్చటనే కాపురముండి, అచ్చటనే కాలము చేసెను. ఆనకట్టలు కట్టుటకును మేడలు లేపుటకును పాలమూరు సీమనుండి వలసపోయిన కుటుంబము లెన్ని యున్నవో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ తమ్ముని కుమారుడు బొంబాయిలోనే పుట్టి, హిందీ బడిలో చదివినవాడు. వానికి తెలుగు చెవికి తెలియును గాని కంటికి తెలియదు.

పెద్దాయన ధర్మాత్ముడు. తాను కన్ను మూయకముందే తమ్ముని వాటా తమ్ముని కొడుకు పేర వ్రాయించవలెనని సంకల్పించి, కొలతలు వేయించి, మఱునాడు పొరుగింటి బడిపిల్లవానిచేత ఫోనులో నిట్లు వ్రాయించెను: "చిరంజీవికి ఆశీర్వచనములు. మన చెలకకు నిన్న కొలతలు వేయించితిమి. పాలివారందఱు వచ్చిరి. మీ నాన్న పాలు రెండెకరముల పది గుంటలు తేలినది. మీ మేనత్త కూడ వచ్చి సంతకము చేసినది. నీవు వచ్చినచో మనము పట్టా చేయించుకొందము."

పిల్లవాడు దానిని ఫోనులోని యొక అనువాదయంత్రమునకు అప్పగించెను. యంత్రము ఱెప్పపాటులో దానిని హిందీ చేసి బొంబాయికి సాగనంపెను. ఆ హిందీని నేను పిమ్మట చదివితిని. దానిని మఱల తెలుగున పెట్టినచో నిట్లుండును: "నిన్న మా పొలమును కొలిపించితిమి. పాలు అమ్మువారందఱు వచ్చిరి. మీ తండ్రిగారి పాలు రెండెకరములును పది గోతులును ఉన్నవి. మీ పినతల్లి కూడ వచ్చి సంతకము చేసినది. నీవు వచ్చిన యెడల మేము పట్టా చేయించుకొందుము."

బొంబాయి కుఱ్ఱవాడు దీనిని చదివి మొదట నవ్వెను. రెండవమాఱు చదివి నవ్వుట మానెను. పాలవాండ్ర సంగతి ఎట్లున్నను, పెదతండ్రి "మా పొలము" అనుచున్నాడు. "మేము పట్టా చేయించుకొందుము" అనుచున్నాడు. పైగా "చాచీ" యొకతె వచ్చి సంతకము చేసినదట. చాచీ యన తండ్రికి తమ్ముడైనవాని భార్య. తన తండ్రియే ఇంట కడపటివాడు. ఆయనకు తమ్ముడే లేడు. లేని తమ్మునికి భార్య యెక్కడిది? ఎవతెనో తెచ్చి నిలువబెట్టి వ్రేలుముద్ర వేయించుకొనుచున్నారని వాడు నిశ్చయించుకొనెను. అయినను మర్యాద తప్పక, హిందీలో "ఆప్" అని సంబోధించుచు, నిన్నటి కాగితము పంపుడనియు, ఆ చాచీ యెవరో తెలుపుడనియు వ్రాసెను.

ఆ జాబు అదే యంత్రముగుండ తిరిగి పల్లెకు చేరునప్పటికి ఇట్లయ్యెను: "నీవు రేపటి కాగితము పంపుము. సంతకము చేసిన ఆ అత్త యెవరు?"

పెద్దాయన కోపము నేను వర్ణింపజాలను. తన ఒడిలో పెరుగవలసిన బిడ్డ తనను "నీవు" అన్నాడు. తండ్రి తోడబుట్టినదానిని పట్టుకొని "ఆ అత్త యెవరు" అన్నాడు. రేపటి కాగితమును నేడే పంపుమన్నాడు. ఇది వెక్కిరింత గాక మఱేమి? నాలుగు దినములు ఆ యింట ఎవరును పెద్దగ మాటలాడలేదు. ఐదవనాటి రాత్రి ఆ మేనత్తయే ఫోను చెవికానించుకొని మేనల్లుని నోటికి వచ్చినట్లు తిట్టి, తిట్టులోనే సంగతియంతయు తెలియజెప్పినది. తెలుగు చెవికి తెలిసినవాడు కనుక వానికి క్షణములో అంతయు బోధపడెను.

నేటి నా ప్రసంగమునకు ఈ ఉత్తరమే మూలము. భాషనుండి భాషకు, అచ్చటినుండి మఱియొక భాషకు, అచ్చటినుండి మఱల మొదటికి మాటను త్రిప్పినప్పుడు పుట్టు వింతలను లోకమంతయు వేడుకగ చెప్పుకొనును. ఆ వేడుక వెనుక నున్న కీలు ఎక్కడ తప్పుచున్నదో కొంచెము విప్పి చూతము.

"పాలు" అన క్షీరమును, భాగమును గూడ. "గుంట" అన గోయియు, ఎకరములో నలువదవ వంతును గూడ. ఇట్టి రెండర్థముల మాటలు ప్రతి భాషలోను ఉండును గనుక యంత్రము తడబడుటలో నాశ్చర్యము లేదు. మేనత్త విషయము అట్టిది కాదు. తెలుగులో మేనత్త కలదు. హిందీలో "బువా" కలదు. మన యూళ్ల ఉర్దూలో "ఫుప్పీ" కలదు. రెండు గట్లయందును ఉన్న వస్తువు నడుమ ఎట్లు మునిగిపోయినది? ఏలన, ఇట్టి యంత్రములలో పెక్కు చాలకాలము తెలుగునుండి హిందీకి నేరుగ దాటలేదు. తెలుగును ముందు ఆంగ్లములోనికి దించి, ఆంగ్లమునుండి హిందీకి ఎక్కించెడివి. కృష్ణకు ఈవలి గట్టున నున్నవాడు ఆవలి గట్టునకు పోవుటకు లండను మీదుగ పోయినట్లు! ఆంగ్లమున మేనత్తయు, పినతల్లియు, పెత్తల్లియు, మేనమామ భార్యయు అందఱు నొక్క "ఆంటు" మాత్రమే. ఆ రేవులో దిగినపుడే మన బంధుత్వములు జాఱిపోయినవి. "ఆప్" అనినను "తూ" అనినను అచ్చట ఒక్క "యూ" యే. అచ్చటినుండి తెలుగునకు వచ్చునప్పటికి "మీరు" కావలెనో "నీవు" కావలెనో యంత్రమునకు తెలియదు.

"మనము", "మేము" అను భేదము మఱింత సున్నితము. వినువానిని కలుపుకొన్న "మనము", వినువానిని విడిచిన "మేము" తెలుగువానికి పసినాటనే వేఱువేఱుగ తెలియును. ఆంగ్లమున ఈ భేదము లేదు, హిందీలోను లేదు. పెద్దాయన "మన చెలక" అనినది కలుపుకొనుటకు. అది "హమారా" అయి కుఱ్ఱవానిని వెలివేసినది. ఒక్క అక్షరములో నున్న ఆప్యాయత పోయి, ఒక వ్యాజ్యము మొలకెత్తబోయెను.

ఇక "కల్" అను హిందీ ఉర్దూ మాటకు నిన్న యనియు అర్థమే, రేపు అనియు అర్థమే. మన సీమలోని పెద్దలకు ఇది తెలియనిది కాదు. క్రియాపదము వెంటనున్నపుడు నిన్నయో రేపో తెలియును. "కల్ కా కాగజ్" అని ఊరకున్నచో దేవునికే తెలియవలెను. యంత్రము తెలియదని ఒప్పుకొనదు. రెంటిలో నొకటి పట్టుకొని నిబ్బరముగ వ్రాసివేయును.

యంత్రముచేత అనువాదము చేయించవలెనను ఆశ క్రొత్తది కాదు. 1954 జనవరి 7 వ తేదీన న్యూయార్కు నగరమున జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారును ఐ.బి.ఎం. సంస్థవారును కలిసి, అఱువదికి పైబడిన రష్యను వాక్యములను గణనయంత్రముచేత ఆంగ్లము చేయించి చూపిరి. ఆ యంత్రమునకు తెలిసినవి 250 మాటలు, ఆఱు వ్యాకరణసూత్రములు. మూడు మొదలు ఐదేండ్లలో ఈ సమస్య తీఱిపోవునని ఆనాడు ఆశపడిరి. పండ్రెండేండ్లు గడచినవి. 1966 లో అమెరికా ప్రభుత్వము నియమించిన పండితసంఘము లెక్క చూచి, పెట్టిన ధనమునకు తగిన ఫలము లేదని తేల్చెను. సహాయధనములు ఎండిపోయెను. ఆ దినములలో పుట్టిన హాస్యకథ యొకటి నేటికిని తిరుగుచున్నది. ఆత్మ సిద్ధముగ నున్నను శరీరము బలహీనమైనదను క్రైస్తవ వేదవాక్యమును రష్యనునకు పంపి తిరిగి రప్పింపగా, సారా బాగున్నది గాని మాంసము కుళ్ళినదని వచ్చినదట. ఆంగ్లమున ఆత్మకును సారాకును ఒకే మాట చెల్లుట అందులోని కిటుకు. ఇది ఎవరో అల్లిన కథయే గాని నిజముగ ఏ యంత్రమును ఇట్లు పలికినట్లు నిదర్శనము లేదు.

ఆనాటి యంత్రములు సూత్రములు వల్లించెడివి. పిమ్మటివి సూత్రములను విడిచి, మనుష్యులు రెండు భాషలలో చేసియుంచిన గ్రంథములను లక్షలకొలది వాక్యములు ప్రక్కప్రక్కన పెట్టి, ఏ మాటకు ఏ మాట తఱచుగ వచ్చుచున్నదో లెక్కించుట నేర్చెను. గూగుల్ సంస్థవారి అనువాదయంత్రమున తెలుగు 2011 లో చేరెను. 2017 లో మన భాషకు నూతనపద్ధతి వచ్చెను: మాట మాటగా గాక వాక్యమునంతను ఒక్కమాఱు పరిశీలించి వ్రాయుట. అప్పటినుండి తెలుగు ధారాళమైనది. ఇందొక చిక్కు కలదు. దీనిని నేను గట్టిగ చెప్పదలచితిని. పూర్వపు యంత్రము తప్పు చేసినచో వాక్యము కుంటుచు వచ్చెడిది. చూచినవాడు ఇది తప్పని నవ్వి పాఱవేసెడివాడు. నేటి యంత్రము తప్పును గూడ పట్టుపంచె కట్టి, అంగవస్త్రము వేసి పంపును. బొంబాయికి చేరిన ఉత్తరములో పాలవాండ్రు తప్ప తక్కిన వాక్యములన్నియు శుభ్రముగనే యుండెను. అందువలననే కుఱ్ఱవాడు నమ్మెను.

అయితే ఈ నింద నంతయు యంత్రముపై మోపుట న్యాయము కాదు. యంత్రము పుట్టకముందే మన సీమ మూడు భాషల రేవు. గద్వాల, వనపర్తి సంస్థానములలో తెలుగున కవిత్వము, సంస్కృతమున శాస్త్రచర్చ నడచెడివి. విద్వద్గద్వాల యని పేరు ఊరక రాలేదు. కాని హైదరాబాదునకు పోవలసిన కాగితము 1880 దశకము వఱకు పారసీలోను, అటుపిమ్మట ఉర్దూలోను పోవలసియుండెను. రెసిడెంటు దొరవారికి చూపవలసినది ఆంగ్లమున నుండవలెను. రైతు చెప్పినది తెలుగు. పట్వారి లెక్క తెలుగు. పై కచ్చేరీలో ఉర్దూ. దొరగారి బల్లపై ఆంగ్లము. హుకుము మఱల ఆ మెట్లన్నియు దిగి రైతు చెవికి తెలుగున చేరవలెను. 1917 లో ఉస్మానియా విశ్వవిద్యాలయముకొఱకు "దారుల్ తర్జుమా" యను అనువాదశాలనే నెలకొల్పి, పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి. ఇరుగుపొరుగున నున్న తెలుగునకు అట్టి భాగ్యము పట్టలేదు. ఆ కొఱతను తలచియే, అలంపురము ప్రాంతమున జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 లో గోలకొండ పత్రికను స్థాపించిరి.

ఆ మెట్లు దిగివచ్చిన మాటలు నేటికిని మన భూములపై నిలిచియున్నవి. మాగాణిని "తరి" యందుము, మెట్టను "ఖుష్కి" యందుము. తరి యన పారసీలో తడి. తెలుగు పండితుడు పహాణీలో తరి యని చూచినచో సమయమనియో, పడవ యనియో అర్థము చెప్పును; రెండును నిఘంటువులో ఉన్నవే. పాపము, వరిమడిలో పడవ నడుపవలసివచ్చును.

ఊళ్ల పేర్లు మఱింత తిరుగుడు తిరిగినవి. అలంపురమున గుడి కట్టుటకు రాళ్లు తోలుకొనిపోవు బండ్లు తుంగభద్ర దాటకముందు ఒక చోట నిలిచి ఇరుసులకు కందెన వేసికొనెడివనియు, ఆ చోటు కందెనవోలు, కందనవోలు అయినదనియు స్థలకథ. ఆ కందనవోలు తురక లేఖరుల కలములలోను ఆంగ్లపటములలోను అరిగి కర్నూలై, మనకు తిరిగివచ్చెను. నాగరుకర్నూలును నేటికిని కందనూలని పిలుచువారు కలరు. వారి నోట కందెన యింకను ఆఱలేదు. కర్నూలు అను మాటను ముందు పెట్టుకొని దాని అర్థమేమని తెలుగు నిఘంటువును తిరుగవేసినచో ఏమియు దొరకదు. మన పాలమూరు 1890 లో ఆఱవ నిజాము పేర మహబూబునగరమైనది. పాలు సమృద్ధిగ నుండుటచేత పాలమూరను పేరు వచ్చినదని కొందఱందురు. ఆ పాలు క్షీరమో, భాగమో, యంత్రము నడుగరాదు.

ఇన్నిమాఱులు భాష మార్చుకొన్నదానిలో లోకమున కెల్ల మేటి యేదియన, మన పంచతంత్రమే. చిన్నయసూరిగారు 1853 లో నీతిచంద్రికగా చెప్పిన కథలు మీలో పెక్కుమందికి కంఠస్థములై యుండును. ఆ కథలను ఆఱవ శతాబ్దమున, అనూషిర్వాన్ అని పేరుగన్న పారసీకరాజు ఏలుబడిలో, బుర్జోయి యను వైద్యుడు సంస్కృతమునుండి పహ్లవీభాషలోనికి మార్చెను. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా పహ్లవీనుండి అరబ్బీ చేసెను. అరబ్బీనుండి హీబ్రూ, హీబ్రూనుండి పదుమూడవ శతాబ్దమున లాటిను, ఆ శాఖలో స్పానిషు, ఇటాలియను. 1570 లో థామస్ నార్తు ఇటాలియనునుండి ఆంగ్లము చేసెను. పయనములో మన పాత్రలకేమైనదో వినుడు. కరటకుడు అరబ్బీలో కలీలా యయ్యెను, దమనకుడు దిమ్నా యయ్యెను. సంజీవకుడను వృషభము షంజబా యయ్యెను; కొన్ని ప్రతులలో అరబ్బీ చుక్కలు తాఱుమాఱై షత్రబా యయ్యెను. ఇంతవఱకు పేర్లే. ఇటలీ దాటి ఇంగ్లాండునకు చేరునప్పటికి మన రెండు నక్కలలో ఒకటి గాడిదయు, రెండవది కంచరగాడిదయు నయ్యెను! సింహపురాజు సభలో మంత్రాంగము నడపిన దమనకుని గాడిదజాతిలో కలిపిన పాపము ఏ ఒక్క అనువాదకునిది యని చెప్పుదుము?

పేలపిండి కుండను వ్రేలాడగట్టుకొని, పెండ్లియు కొడుకును ఊహించుకొనుచు కాలు విదిలించి కుండ పగులగొట్టుకొన్న బ్రాహ్మణుడు మనకు తెలిసినవాడే. అరబ్బీలో వాడు సన్న్యాసియై, వాని కుండలో నేయియు తేనెయు చేరినవి. కథ పశ్చిమమునకు ప్రాకి, 1678 లో ఫ్రెంచి కవి లా ఫొంటేను చేతికి వచ్చునప్పటికి, బ్రాహ్మణుడు పోయి పల్లెపడుచు వచ్చినది; కుండలోనిది పాలయినది. పాలివారు పాలవాండ్రైన మా ఊరి ఉత్తరమునకు ఇది అన్నగారివంటిది.

చిత్రమేమనగా కథ యొక్క నడుము విఱుగలేదు. నక్క గాడిద యైనను చాడీ చాడీగనే మిగిలెను. పిండి పాలైనను కుండ పగిలియే తీఱెను. ఆ మీదట ఇదే కథ పారసీలో "అన్వారె సుహైలీ" యై, అక్బరు పాదుషా ఆజ్ఞపై 1588 లో అబుల్ ఫజలు చేత సరళమైన పారసీలో "ఇయారె దానిష్" అయి, 19 వ శతాబ్దారంభమున కలకత్తాలో ఉర్దూ "ఖిరద్ అఫ్రోజ్" అయి, ఇల్లు చేరెను. గద్వాల అగ్రహారమున నీతిచంద్రిక చదువు బాలుడును, మదరసాలో ఉర్దూ చదువు బాలుడును ఒక్క కథనే చదువుచుండిరి. ఇరువురికిని ఆ సంగతి తెలియదు.

అనువాదమును తిరుగ త్రిప్పి నవ్వించుటను కావ్యకళగా చేసినవాడు అమెరికా రచయిత మార్కు ట్వేను. ఆయన వ్రాసిన ఎగురు కప్పకథను ఒకరు ఫ్రెంచిలోనికి మార్చగా, ఆ ఫ్రెంచిని పదమునకు పదముగ తానే ఆంగ్లము చేసి, మూడింటిని కలిపి 1903 లో అచ్చువేయించెను. ఫ్రెంచివానిదెంత తప్పో పదమునకు పదము పెట్టిన ట్వేనుదియు అంత అల్లరి. ఈ సూక్ష్మము మీరు గమనింపవలెను. పోయివచ్చిన మాట చెడినపుడు, పోవునపుడు చెడినదా వచ్చునపుడు చెడినదా అని చెప్పుట కష్టము. అట్లే, బాగుగ తిరిగివచ్చినది గదా యని అచ్చటివాడు బాగుగనే చదివెనని నమ్మరాదు. "పది గుంటలు" గోతులై పోయి గుంటలై తిరిగిరావచ్చును!

ఈ లండను ప్రయాణము తప్పింపవలెనని మన దేశమున యత్నము జరుగకపోలేదు. కాన్పూరు ఐ.ఐ.టి. లోను, పిదప హైదరాబాదు విశ్వవిద్యాలయమునను వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలగు విద్వాంసులు "అనుసారక" యను యంత్రమును నిర్మించిరి. అది 1990 దశకమున తెలుగు, కన్నడము, మరాఠీ, వంగము, పంజాబీలనుండి హిందీకి ఆంగ్లము ఊసెత్తక నేరుగ మార్చెడిది. దాని హిందీ సొంపైనది కాదు. తెలుగు వాక్యపు నడక అందులో కనబడుచుండెడిది. చదువువాడు కొంత శ్రమపడవలెను; కాని మూలములోని సమాచారము జాఱిపోరాదని వారి నియమము. ఆ పద్ధతి నాకు మిక్కిలి గౌరవనీయముగ తోచును. సొంపునకై సత్యమును విడుచుటకంటె, సత్యమునకై సొంపును విడుచుట మేలు గదా! 2022 లో కేంద్రప్రభుత్వము "భాషిణి" అను పేర దేశభాషల కన్నిటికి యంత్రసాధనములను సమకూర్చ నారంభించినది. సర్వోన్నతన్యాయస్థానము 2019 లోనే తీర్పులను దేశభాషలలోనికి మార్చుటకు "సువాస్" అను యంత్రమును ప్రవేశపెట్టినది. తెలుగును అందులో కలదు. న్యాయస్థానమున "లీవ్ గ్రాంటెడ్" అనిన అప్పీలు చేసికొనుటకు అనుమతి యిచ్చితిమని అర్థము. యంత్రము దానిని సెలవు మంజూరు అని హిందీ చేసినదని న్యాయమూర్తులే చెప్పుకొని నవ్విరి. అందుచేతనే యంత్రము చేసిన తీర్పును మనుష్యుడు సరిచూచిన పిమ్మటనే వెలువరింతురు.

మన యిండ్లలో సరిచూచువాడు ఎవడున్నాడు? గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు మూడును 2016 అక్టోబరు 11 న జిల్లాలైనవి; కచ్చేరీ దగ్గఱకు వచ్చినది; కాని పిల్లలు దూరమైరి. పూనాలో నొకడు, సూరతులో నొకడు, సముద్రములకావల నొకడు. యంత్రము వలదనుటకు వీలు లేదు; అది లేనిచో ఆ బొంబాయి కుఱ్ఱవానికి పెదతండ్రి ఉత్తరమే లేదు. కనుక ఆ పెద్దాయనకు నాకు తోచినది చెప్పితిని. వాక్యము చిన్నదిగ నుండవలెను. నిన్న, రేపు అనక తేదీ అంకెలతో వేయవలెను. అత్త, మామ అని ఊరకొనక పేరు వ్రాయవలెను. మన, మా అనుచోట నీది, నాది, ఇద్దఱిది అని విప్పవలెను. భూమి, ధనము, మందు, ఈ మూటి సంగతి వ్రాసినపుడు మాత్రము నోటితో ఒకమాఱు చెప్పియే తీఱవలెను.

ఆయన అంతయు విని, "పాలునకు బదులేమి వ్రాయుదును? భాగమందునా?" అని యడిగెను. నేను ఆలోచించుచుండగనే, ప్రక్కనున్న ఆయన చెల్లెలు, అనగా ఆ మేనత్తయే, "హిస్సా యని వ్రాయరాదా?" అనినది. మా యూర పుట్టినవారందఱు దినము వాడు మాటయే. "నీ హిస్సా 2 ఎకరముల 10 గుంటలు, గుంట యన ఎకరములో 40 వ వంతు" అని వ్రాయించిరి. ఉర్దూ కచ్చేరీనుండి ఎన్నడో మా పల్లెకు దిగివచ్చిన ఆ మాట, యంత్రములో నెక్కడను చిక్కుకొనక, బొంబాయికి హిస్సాగనే చేరినది. కుఱ్ఱవాడు సంక్రాంతికి వచ్చి పట్టా చేయించుకొని పోయెను. పోవునపుడు మేనత్తకు గద్వాల చీర యొకటి పెట్టెను.